పాదు పెట్టు... పక్కింటికీ చెప్పు!

ఒకరి పెరట్లో కాసిన బీర మరుసటి ఏడాది నాలుగు పెరళ్లలో పూస్తుంది. ఒకరు నేర్చిన కిటుకు వీధి వీధికీ పాఠమవుతుంది. ఫీజు లేదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ అసలే లేదు. వానలు అంతంతమాత్రంగా పడే పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు ఇలాంటి 'పెరటి బడి' అవసరం మరింత ఎక్కువ.

పామూరు అనగానే చుట్టుపక్కల వాళ్లకు గుర్తొచ్చేవి వల్లీ భుజంగేశ్వరస్వామి, మదన వేణుగోపాలస్వామి ఆలయాలు. మన్నేరు మీద మోపాడు చెరువు. ఆ తర్వాత... ఎండ! నైరుతి రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలేమో కోస్తాను తడిపినంతగా ఇటువైపు తడపవు. ఎర్రనేలలు, లోతుకు దిగిపోయిన బోర్లు, కంది, సజ్జ, పొగాకు చేలు. పంట చేతికి రాని ఏడాది బేల్దారి పనులకని హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో మూట సర్దుకునే కుటుంబాలు.

ఇలాంటి చోట పెరటితోట గురించి మాట్లాడితే 'నీళ్లున్నవాళ్ల ముచ్చట్లు మనకెందుకు' అనిపిస్తుంది. కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్న ప్రకారం ఆకుకూరలతో కలిపి మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. నెలకు 48 కిలోలు. కిలో సగటున ముప్ఫై రూపాయలు అనుకున్నా 1,440 రూపాయలు. కూలి డబ్బుతో నడిచే ఇంట్లో అంత ఖర్చు ఎవరు పెడతారు? అందుకే కూర తగ్గుతుంది, ఊరగాయ ముద్ద పెరుగుతుంది. మొదట తగ్గేది ఆ ఇంటి ఆడవాళ్ల కంచంలోనే. నీళ్లు తక్కువున్న ఊళ్లోనే పెరటితోట ఎక్కువ అవసరం అనేది అందుకే.

నీళ్లలోనే ఉంది కష్టం

ఈ ప్రాంతానికి ఇంకో శాపం కూడా ఉంది. అదే ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది. షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్ని పరిశీలించి దాన్ని రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. అంటే ఈ బాధ ఇక్కడివాళ్లకు నిన్నా మొన్నా వచ్చింది కాదు.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఏళ్ల తరబడి అంతకు మించితే పళ్ల మీద మచ్చలు, కీళ్ల నొప్పులు, వంగని నడుములు. దీనికి అసలు మందు సురక్షితమైన నీరే. దానికి మరేదీ సాటిరాదు. అయితే వైద్యులు ఇంకో మాట కూడా చెబుతారు. తిండిలో కాల్షియం, విటమిన్-సి తక్కువైన ఒంటి మీద ఫ్లోరైడ్ మరింత పగబడుతుంది. పాలు, మునగాకు, పొన్నగంటికూర, అవిసె ఆకు, జామ, ఉసిరి తినే ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి కొంతైనా ఉంటుంది. చింతపండు తిన్నవాళ్లలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు.

ఒకసారి ఈ జాబితా మళ్లీ చూడండి. మునగ, అవిసె, జామ, ఉసిరి, చింత. ఒక్కటైనా ఖరీదైన మొక్క ఉందా? నాలుగేళ్లు కాపాడితే ఏళ్ల తరబడి తోడుండే చెట్లు. కరవు నేలలో కూడా బతికేవి. వాటిని నాటడానికి, కాపాడటానికి తెలివి కావాలి. ఆ తెలివి పుస్తకాల్లో కన్నా పెద్దవాళ్ల చేతుల్లో ఎక్కువ ఉంది. ఆ చేతుల నుంచి కుర్రకారు చేతుల్లోకి అది దిగకపోతే... అక్కడితో సరి!

పాఠం చెప్పేది పక్కింటి వదినే

'వదినా, నీ బీరపాదు అంత కాసిందే. నాదేంటి పూతంతా రాల్చేస్తోంది?'

'రాలేది మగపూలా, ఆడపూలా?'

'పూలల్లో కూడా ఆడా మగా ఉంటాయా!'

'పువ్వు కింద బుల్లికాయ ఉంటే ఆడది. లేకుంటే మగది. పాదు ముందు మగపూలే పూస్తుంది. అవి రాలితే కంగారు పడకు. బుల్లికాయ కూడా పసుపు తిరిగి రాలుతుంటే చెప్పు, సాయంత్రం వచ్చి చూస్తా.'

పెరటి బడిలో పాఠాలు ఇలాగే ఉంటాయి. బ్లాక్‌బోర్డు ఉండదు. ప్రశ్న పాదు దగ్గర పుడుతుంది, జవాబూ పాదు దగ్గరే దొరుకుతుంది. ఆ వదిన 'సాయంత్రం' అని ఊరికే అనలేదు. బీర, సొర పూలు విచ్చుకునేది పొద్దువాలాకే. గుమ్మడి, కాకర పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. తేనెటీగలు కరవైన చోట మగపువ్వును తెంపి, రేకులు వలిచి, ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్యన మెల్లగా అద్దితే చాలు, పిందె నిలుస్తుంది. చూపిస్తే రెండు నిమిషాల పని. చూపించేవాళ్లు లేకపోతే, పాదు మంచిది కాదనుకుని పీకి పారేస్తారు.

ఇలా ఒకరి నుంచి ఒకరికి పాకే చదువును ఓ పద్ధతిలో పెట్టే ప్రయత్నం ఉమ్మడి రాష్ట్రంలో ఇరవయ్యేళ్ల కిందటే మొదలైంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2004లో పురుగుమందులు వాడని ఊరిగా ప్రకటించుకుంది. దాదాపు ఆ రోజుల్లోనే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా సంఘాల ద్వారా పురుగుమందుల్లేని సేద్యాన్ని పల్లెలకు తీసుకెళ్లింది. 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలైంది. సుభాష్ పాలేకర్ శిబిరాల్లో నేర్పిన జీవామృతం, బీజామృతం లాంటివి ఊరూరికీ చేరాయి. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే పది లక్షల యూరోల మానవాళి బహుమతిని పంచుకున్న ముగ్గురిలో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఒకటి. మిగతా ఇద్దరు నేలల శాస్త్రవేత్త రతన్‌లాల్, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థ.

ఈ కార్యక్రమానికి ఆయువుపట్టు కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్. ఊళ్లో అందరూ పిలిచేది 'సీఆర్పీ' అని. వీళ్లు చదువుకుని వచ్చిన అధికారులు కాదు. ముందు తన చేలో, తన పెరట్లో చేసి చూసుకుని, తర్వాత పదిమందికీ చెప్పే రైతులు. వీళ్లలో ఆడవాళ్లూ ఎక్కువే. సంఘం మీటింగులో పొదుపు లెక్కలు అయిపోయాక పెరటితోట మాట వస్తుంది. డిజిటల్ గ్రీన్ లాంటి సంస్థలు తోటి రైతులతోనే తీసిన చిన్న చిన్న వీడియోలను అరచేతిలో పట్టే ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపించే పద్ధతిని తెచ్చాయి. తెర మీద మాట్లాడేది మనలాంటి మనిషే కాబట్టి 'ఆమె చేయగా లేంది మనం చేయలేమా' అన్న ధైర్యం వస్తుంది.

సీఆర్పీలకు కొంత గౌరవ వేతనం ఉంటుంది. కానీ వాళ్ల దగ్గర నేర్చుకుని, పక్కింటికి, పుట్టింటికి, ఆడబిడ్డ ఊరికి ఆ మాట మోసుకెళ్లేవాళ్లకు ఏ వేతనమూ లేదు. పెరటి బడి అసలు నడిచేది వాళ్ల పుణ్యానే.

అసలు సంఘంగా కూర్చుని నేర్చుకుంటే ఏమవుతుందో ఈ చుట్టుపక్కల ప్రాంతానికి కొత్తగా చెప్పాలా! పొరుగున నెల్లూరు జిల్లాలోని దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి కూర్చున్న ఆడవాళ్లే 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. రాత్రి బడిలో పలకలు పట్టిన చేతులు అంత పని చేస్తే, పెరట్లో పలుగు పట్టిన చేతులు కూరగాయల బుట్ట నింపలేవా?

సొరబుర్రలో దాచిన బ్యాంకు

నేర్పినంత మాత్రాన సరిపోదు. విత్తనం కావాలి. అంగట్లో రంగురంగుల ప్యాకెట్లలో దొరికేవాటిలో చాలావరకు హైబ్రిడ్లు. ఓ కాపు బాగానే కాస్తాయి. వాటి గింజ దాచి మళ్లీ వేస్తే తల్లి పోలిక రాదు. ఒక కాయ పొడుగు, ఒక కాయ పొట్టి. ఏటా కొనాల్సిందే. నాటు విత్తనమైతే అలా కాదు. ఒక్కసారి తెచ్చుకుంటే, దాచుకోవడం తెలిస్తే, తరాల పాటు ఇంట్లోదే.

దాచుకోవడం తెలిస్తే... అన్న ఆ మాటలోనే ఉంది విద్యంతా. బీర, సొర పాదుల్లో మొదట్లో కాసిన కాయల్లోంచి పుష్టిగా, తెగులు లేకుండా ఉన్నదాన్ని ఎంచి, పురికొస కట్టి గుర్తు పెట్టాలి. పిల్లలు తెంపకుండా, కూరకు కోయకుండా కాపాడాలి. తీగ మీదే ఎండనివ్వాలి. ఊపితే గలగలమన్నప్పుడు కోసి, పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీయాలి. టమాటా అయితే బాగా పండిన కాయ గుజ్జును గింజలతో సహా ఒక గిన్నెలో ఒకటి రెండు రోజులు పులియనివ్వాలి. గింజ చుట్టూ ఉన్న జిగురు పోతుంది. కడిగి, నీడన గుడ్డ మీద ఆరబెట్టాలి. వంకాయను చెట్టుమీదే పసుపు రంగు తిరిగేదాకా ఉంచాలి. ఆరిన గింజల్లో బూడిద కలిపి దాస్తే పురుగు పట్టదు. పాతకాలంలో ఎండిన సొరబుర్రలే విత్తన డబ్బాలు.

తీసుకున్న విత్తనాన్ని తిరిగి ఇచ్చే ఆచారాన్ని సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఎంతో గొప్పగా నిలబెట్టారు. 1983లో మొదలైన ఈ సంస్థ సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత మహిళలు. ఎవరికి విత్తనం కావాలన్నా సంఘం దగ్గర తీసుకోవచ్చు. పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి ఇవ్వాలి. అదే వడ్డీ! 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం దక్కింది. సంస్థకు వెన్నెముకగా నిలిచిన పి.వి.సతీష్ 2023లో కన్నుమూశారు. విత్తనాల బుట్టలు మాత్రం ఊరి ఆడవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

ఈ పద్ధతి పాటించడానికి పెద్ద సంస్థే అక్కర్లేదు. వీధిలో పది ఇళ్లు చాలు. ఒక ఇల్లు చిక్కుడుకు పూచీ, ఒక ఇల్లు బీరకు, ఇంకో ఇల్లు గోంగూరకు. గింజ ఒక ఇంట్లో బూజు పట్టినా, పక్కింట్లో ఉంటుంది. పంచిన విత్తనం పోదు. దాచిన విత్తనమే పోతుంది!

వాన రాకముందే విత్తనం

'వాన పడితే చూద్దాంలే' అన్నది మెట్టరైతు మాట. ప్రకృతి వ్యవసాయంలో దీన్ని తిరగేశారు. 2018 ప్రాంతంలో అనంతపురంలో మొదలైన పద్ధతి ఇది. పేరు ప్రీ మాన్‌సూన్ డ్రై సోయింగ్. పల్లెల్లో పిలిచేది 'పీఎండీఎస్' అనో, నవధాన్యాలు అనో. చిరుధాన్యాలు, పప్పులు, నూనెగింజలు, ఆకుకూరలు, కూరగాయల విత్తనాలు కలిపి, వాటికి బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం లాంటివి పట్టించి గుళికలుగా చేస్తారు. ఎండాకాలంలోనే, పొడి నేలలో చల్లి పైన గడ్డీగాదం కప్పుతారు. మట్టి పూత లోపల గింజకు ఎండ, చీమల బాధ తక్కువ. చిన్న జల్లు పడినా మొలక లేస్తుంది. నేల ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చదనం కప్పుకుని ఉండాలన్నది దీని వెనకున్న ఆలోచన.

మట్టి ఉండలో గింజను దాచే ఈ కిటుకు జపాన్ రైతు మసనోబు ఫుకుఒకాకు ఎంతో ఇష్టమైనది. ఆయన పుస్తకం 'గడ్డిపరకతో విప్లవం' తెలుగులోనూ చదువుకున్నవాళ్లు చాలామందే. 1973లో న్యూయార్క్ నగరంలో లిజ్ క్రిస్టీ అనే ఆవిడ, ఆమె మిత్రులు పాడుబడ్డ ఖాళీ స్థలాల్లోకి విత్తన ఉండలు విసిరి, చివరికి అక్కడే ఇరుగుపొరుగు కలిసి సాగుచేసే తోటను లేపారు. న్యూయార్క్ గోడల మధ్యనైనా, కనిగిరి గరపనేలలోనైనా గింజకు కావాల్సింది ఒక్కటే. మొలకెత్తేదాకా కాస్త రక్ష!

పెరట్లో నీటి పొదుపుకు కూడా ఇలాంటి ఇంటి తెలివే అక్కరకొస్తుంది. స్నానాల నీళ్లను కాలువ తీసి అరటి, చేమ మొక్కలకు మళ్లించవచ్చు. నున్నగా మెరుగు పెట్టని మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూతపెట్టి, చుట్టూ నాలుగు పాదులు పెడితే వేళ్లు తమకు కావాల్సినంత తడిని కుండ గోడల నుంచే పీల్చుకుంటాయి. పాదు చుట్టూ ఎండుటాకులు, కంది పొట్టు, వేరుశనగ పొట్టు పరిస్తే రోజూ పోసే నీళ్లు రెండు రోజులకు వస్తాయి. ఇవేవీ కొత్తవి కావు. మరిచిపోయినవి మాత్రమే.

ఓడిన పాఠమూ చెప్పాలి

పెరటితోటలన్నీ పచ్చగా ఉంటాయనుకుంటే పొరపాటు. కోడి గీకేస్తుంది. మేక కొరికేస్తుంది. కోతుల మంద దిగితే కాయా కసరూ మిగలదు. ఏప్రిల్, మే నెలల్లో మనుషులకే ట్యాంకర్ నీళ్లు దిక్కయిన వీధుల్లో పాదుకు బిందెడు పోస్తే ఇంట్లోనే మాట పడాల్సి వస్తుంది. ఇంకో సంగతి... పొద్దున వంట, పగలు కూలి, సాయంత్రం పశువుల పని చేసే ఆడమనిషికి తోటపని ఇంకో బరువు కాకూడదు. తోట ఇంటిదైతే, నీళ్లు పోసే పని ఇంటిల్లిపాదిదీ కావాలి. ఈ మాట అనని పెరటితోట పాఠం సగం పాఠమే.

పంచుకునేవాళ్లలో సహజంగా ఉండే ఓ బలహీనత కూడా ఉంది. కాసినదాన్ని పదిమందికీ చూపిస్తారు. ఎండినదాన్ని దాచేస్తారు. దాంతో కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తమ పాదు చచ్చిపోగానే 'నా చేయి మంచిది కాదు' అనుకుని ఆపేస్తారు. చేతిలో ఏముంది! చాలాసార్లు నీళ్లు ఎక్కువవడమో, నీడ పడటమో, అదను తప్పడమో కారణం. పందిరి చిక్కుడునే చూడండి. నాటు రకాలు పగలు పొట్టిగా ఉండే చలికాలంలోనే పూస్తాయి. ఎండాకాలంలో పెట్టి 'ఎంతకీ పూయదేం' అని తిడితే అది మాత్రం ఏం చేస్తుంది? అందుకే 'నాది ఎందుకు పోయిందంటే...' అని చెప్పేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉండాలి. వాళ్ల మాటే వెయ్యి రూపాయల విత్తనాల్ని కాపాడుతుంది.

ఎరువుల్లేని సేద్యం మీద వాదాలూ ఉన్నాయి. పెట్టుబడి లేని ప్రకృతి సేద్యం ఫలితాలకు శాస్త్రీయ ఆధారాలు చాలవని 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అభ్యంతరం చెప్పింది. ఎకరాలకు ఎకరాలు సాగుచేసే రైతు రాబడికి సంబంధించిన ఆ చర్చ తేలాల్సిందే. పెరట్లో నాలుగు మళ్లు వేసుకునే ఇంటికి మాత్రం లెక్క సులువు. పిల్లలు తెంపుకుని తినే కాయ మీద మందు కొట్టాలని ఎవరికుంటుంది?

మందు కొట్టకుండా గెలిచే దారులు అనుభవం ఉన్నవాళ్లకు బోలెడు తెలుసు. వంగ మొక్క మొవ్వు వాడిపోయిందంటే లోపల పురుగు తొలుస్తోందని గుర్తు. ఆ కొసను తుంచి నాశనం చేస్తే కాయదాకా రాదు. పేనుబంక కనిపిస్తే పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లుతారు. పసుపు రంగు అట్టకు ఆముదం రాసి వేలాడదీస్తే తెల్లదోమ, పేనుబంక వచ్చి అంటుకుంటాయి. మడి చుట్టూ బంతి నాటితే పురుగు ముందు అటు పోతుంది. ఎర్రగా, చుక్కలతో ముద్దుగా ఉండే అక్షింతల పురుగును మాత్రం చంపకూడదు. పేనుబంకను తినిపెట్టే స్నేహితుడది. ఏ పురుగు చుట్టమో, ఏది శత్రువో ఆకు తిప్పి చూపించి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఊరు దాటిన పెరడు

బేల్దారి పనికని వెళ్లినవాళ్లు ఊరిని వదిలినా అలవాటును అంత తేలిగ్గా వదలరు. కట్టే భవనం పక్కన వేసుకున్న రేకుల షెడ్డు ముందు కూడా ఓ బచ్చలి తీగ, రెండు మిరప మొక్కలు కనిపిస్తుంటాయి. ఇక నగరాల్లో స్థిరపడ్డవాళ్లకు నేల లేకపోయినా మిద్దె ఉంది. హైదరాబాద్‌లో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన మేడ మీద కూరగాయలు, పండ్లు పండించి, 'మిద్దెతోట' అన్న మాటను తెలుగునాట ఇంటింటి మాట చేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లకు చెప్పి, పుస్తకం రాసి, వందలమందిని ఆ దారి పట్టించారు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో మిద్దెతోటల వాళ్లు వాట్సాప్ గుంపులుగా కలుస్తున్నారు. ఆదివారం ఒకరి మిద్దె మీద చేరి విత్తనాలు, నారు, కొమ్మలు మార్చుకుంటున్నారు. పల్లె అరుగు మీది ముచ్చటే మేడెక్కిందన్నమాట.

ప్రపంచమంతా ఇదే కథ. 1970లలో గ్వాటెమాలాలో రైతుకు రైతే గురువు అంటూ మొదలైన ఉద్యమం మెక్సికో, నికరాగ్వా మీదుగా క్యూబా చేరింది. సోవియట్ యూనియన్ కూలిపోయి, 1990లలో ఎరువులూ పెట్రోలూ తిండిగింజలూ కరవైనప్పుడు క్యూబా రాజధాని హవానాలో ఖాళీ స్థలాలు కూరగాయల మళ్లయ్యాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1973లో 'మాస్టర్ గార్డెనర్' పద్ధతి పుట్టింది. విశ్వవిద్యాలయం ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో తోటపని నేర్పుతుంది. నేర్చుకున్నవాళ్లు దానికి బదులుగా ఇన్ని గంటలని ఊళ్లోవాళ్ల సందేహాలు తీర్చాలి. నేర్చుకున్న విద్యకు ఫీజు ఇంకొకరికి నేర్పడమే! మన సంఘాల్లో విత్తనం అప్పుకు ఇచ్చే వడ్డీ లాంటిదే ఇదీ.

బడి పిల్లలకూ ఇందులో చోటుంది. పాఠశాలల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంగన్‌వాడీల్లో పోషణ వాటికలు వచ్చాయి. అయితే వేసవి సెలవుల్లో ఎవరు నీళ్లు పోస్తారన్నది ప్రతి బడితోటకూ ఎదురయ్యే ప్రశ్న. బడి పక్కనున్న నాలుగిళ్ల వాళ్లు వంతులు వేసుకుంటే జూన్‌లో పిల్లలు తిరిగొచ్చేసరికి మునగచెట్టు వాళ్లకంటే పొడుగైపోతుంది. ఆ నాలుగిళ్లను ముందే కలుపుకోని బడితోటలో మొక్కలు ఏటా కొత్తగా నాటాల్సిందే.

పథకాలు వస్తాయి, పోతాయి. అధికారులు బదిలీ అవుతారు. కిట్లు అయిపోతాయి. వెలిగొండ నీళ్ల కోసం పశ్చిమ ప్రకాశం దశాబ్దాలుగా ఎదురుచూస్తూనే ఉంది. కాలువ పారిన రోజు మంచిదే. అప్పటికి ఆ నీటిని పాదుకు ఎలా పెట్టాలో, విత్తనం ఎలా దాచాలో తెలిసినవాళ్లు ఊళ్లో మిగిలి ఉండాలి కదా! 

పది ఇళ్లతో పెరటి బడి

* నెలకో ఆదివారం, ఒక్కోసారి ఒక్కో ఇంటి పెరట్లో కలవండి. గంట చాలు. ఆ ఇంటివాళ్లు కాసినదాన్నీ, ఎండినదాన్నీ రెండూ చూపించాలి.
* విత్తనాలను ఇళ్లవారీగా పంచుకోండి. ఒక్కో ఇల్లు ఒకటి రెండు రకాలకు పూచీ. ఎవరు ఎప్పుడు ఎంత తీసుకున్నారో ఒక నోటుపుస్తకంలో రాయండి.
* నీళ్లు తక్కువైతే ముందు చెట్లు పెట్టండి. మునగ, కరివేపాకు, జామ, నిమ్మ. రెండేళ్లు కాపాడితే అవే మిమ్మల్ని కాపాడతాయి.
* తొలకరికి బీర, సొర, కాకర, బెండ, గోరుచిక్కుడు. వానాకాలం చివర్లో వంగ, టమాటా, పాలకూర, మెంతికూర, కొత్తిమీర. ఎండాకాలంలో నీళ్లను బట్టి తోటకూర, గోంగూర.
* రాలిన, పుచ్చిన కాయల్ని పెరట్లోనే వదిలేయొద్దు. పండుఈగ వాటిలోంచే మళ్లీ లేస్తుంది. లోతుగా పాతిపెట్టండి.
* ఊళ్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లను నెలకొకరిని పిలిచి కూర్చోబెట్టండి. పాత రకాల పేర్లు, అదనులు చెప్పించండి. పిల్లలతో రాయించండి.

పది లీటర్ల జీవామృతం

ఎకరానికి చెప్పే 200 లీటర్ల కొలతను ఇంటికి సరిపడా తగ్గిస్తే ఇలా ఉంటుంది. పది లీటర్ల నీళ్లలో అరకిలో ఆవుపేడ, పావు నుంచి అర లీటరు ఆవు మూత్రం, 50 నుంచి 100 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి లేదా మరో పప్పుపిండి, మందులు తగలని గట్టు మీది మట్టి చిటికెడు. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, గోనెసంచి కప్పి నీడన పెట్టండి. పూటకోసారి కర్రతో తిప్పండి. 48 గంటల తర్వాత వాడుకోవచ్చు. ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి మొదళ్లలో పోయండి. వారం రోజుల్లో వాడేయాలి. పాడైపోయిన పప్పు, నల్లబెల్లం ఉంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

వచ్చే ఆదివారం పక్కింటికి వెళ్లేటప్పుడు గుప్పెడు చిక్కుడు గింజలు కాగితంలో పొట్లం కట్టుకుని వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు ఏదో ఒక గింజా, ఏదో ఒక కిటుకూ మీ వెంట రాకుండా ఉండవు!